ఒకే ఈడు ఊళ్లు

జపాన్‌లో ఇల్లు అమ్మకానికి పెట్టిన ప్రకటన ఏది చూసినా ధర పక్కనే ఒక మాట కనిపిస్తుంది: స్టేషన్ నుంచి నడిచి 9 నిమిషాలు. ఇది అమ్మేవారు నోటికొచ్చినట్టు వేసిన లెక్క కాదు. నడకను నిమిషానికి 80 మీటర్ల చొప్పున లెక్కగట్టాలని, మిగిలిన ముక్కను పూర్తి నిమిషంగానే వేసుకోవాలని అక్కడి ఇళ్ల వ్యాపారానికి నియమం ఉంది. దారిలో సిగ్నల్ దగ్గర ఆగే సమయం, ఎక్కాల్సిన గుట్ట ఇందులో కలవవు. 9 నిమిషాలంటే గరిష్ఠంగా 720 మీటర్లు. ఆ అంకె పెరిగేకొద్దీ ధర దిగుతుంది. 15 దాటితే సైకిల్ మాట, 20 దాటితే బస్సు మాట వస్తాయి. జపాన్ శివారును కొలిచే బద్ద ఇదే. ఊరి నడిబొడ్డు అంటే గుడి కాదు, బజారు కాదు, స్టేషన్.

టోక్యో అనగానే ఆకాశహర్మ్యాలు, నియాన్ వెలుగులు గుర్తొస్తాయి కానీ టోక్యోలో పనిచేసేవాళ్లలో చాలామంది ఉండేది అక్కడ కాదు. చుట్టుపక్కల కనగావా, సైతామా, చిబా ప్రాంతాలను కలుపుకుంటే మహానగర జనాభా సుమారు 3.7 కోట్లు. అందులో నడిమధ్యనున్న 23 వార్డుల వాటా కోటికి కాస్త తక్కువే. అంటే దాదాపు ముప్పావు వంతు జనం శివార్లలోనే ఉన్నారు. 37 లక్షల పైచిలుకు జనాభా ఉన్న యొకొహామా కూడా పొద్దున్నే లక్షల మందిని టోక్యోకు పంపి, రాత్రికి తిరిగి చేర్చుకుంటుంది. జపాన్‌లో ఒక ఊరు నగరం హోదా పొందాలంటే మామూలుగా 50 వేల జనాభా ఉండాలి. ఆ హోదా పొందిన శివార్లు టోక్యో చుట్టూ ఎంత దట్టంగా ఉన్నాయంటే, రైల్లో కూర్చున్నవాళ్లకు ఒక ఊరు ఎక్కడ అయిపోయిందో, ఇంకోటి ఎక్కడ మొదలైందో తెలియదు. సైతామాలోని వరాబి నగరం వైశాల్యం 5.11 చదరపు కిలోమీటర్లు మాత్రమే. దేశంలో అతి చిన్న నగరం అది. అందులో 70 వేలకు పైగా జనం ఉంటారు.

ఈ ఊళ్లు నేల స్వభావాన్ని బట్టి రెండు జాతులుగా చీలిపోయాయి. టోక్యోకు పడమరన ముసాషినో మెట్ట ఉంది. అగ్నిపర్వతాల బూడిద పేరుకున్న ఎర్రమట్టి నేల, నీటికి కటకట. 1653లో తామా నది నుంచి 43 కిలోమీటర్ల కాలువ తవ్వుకొచ్చాకే ఆ వైపు సాగు, ఊళ్లు పెరిగాయి. దాని అంచున తామా కొండలు. తూర్పున మాత్రం అరకావా, ఎదొగావా నదులు దిగే లోతట్టు నేల. 1923 సెప్టెంబర్ 1న వచ్చిన మహా భూకంపంలో, ఆ వెంటనే లేచిన మంటల్లో ఎక్కువ నష్టపోయింది తూర్పు వైపు పేటలే. ఇల్లు కోల్పోయినవాళ్లు, భయపడ్డవాళ్లు పడమటి మెట్ట దారి పట్టారు. వాళ్లకోసం అక్కడ రైలు అప్పటికే ఎదురుచూస్తోంది.

ఎదురుచూడటమన్నది ఊరికే అన్న మాట కాదు. జపాన్ శివార్లలో చాలాచోట్ల ఊరు పుట్టాక రైలు రాలేదు, రైలే ఊరిని కన్నది. ఈ పద్ధతికి బాట వేసింది ఒసాకాలో కొబయాషి ఇచిజో. ఆయన కంపెనీ 1910లో వేసిన రైలు మార్గం రెండో కొసన పెద్ద పట్నమేమీ లేదు. వేడినీటి బుగ్గలు, పొలాలు, గుట్టలు. ఎక్కేవాళ్లు లేని రైలు ఎందుకని అందరూ అనుకుంటుంటే, పట్టాల పక్కన చవగ్గా భూమి కొని, ఇకెదాలో ఇళ్లు కట్టి, ఉద్యోగులకు నెలవారీ వాయిదాల మీద అమ్మాడు. సెలవు రోజుల్లో బండి ఖాళీగా పోకూడదని చివరి స్టేషన్ తకరాజుకాలో స్నానశాలలు, 1914 నుంచి అమ్మాయిల నాటక ప్రదర్శనలు పెట్టాడు. ఇటు కొస ఉమెదా స్టేషన్‌లో 1929లో డిపార్ట్‌మెంట్ స్టోర్ తెరిచాడు. పొద్దున ఆఫీసుకు, ఆదివారం బజారుకు, పండగకు నాటకానికి... ఎటు వెళ్లినా ఎక్కేది ఆయన రైలే. టికెట్ డబ్బు కన్నా పట్టాల వల్ల పెరిగిన భూమి విలువే అసలు రాబడి అని గుర్తించడంలో ఆయన తెలివంతా ఉంది. మెట్రో కట్టి, టికెట్ల మీదే లాభం రాలేదని బాధపడే నగరాలు ఈ నూట పదిహేనేళ్ల నాటి లెక్కను ఇంకోసారి చూడటం మంచిది.

టోక్యోలో ఇదే దారిని తోక్యూ కంపెనీ పెద్ద ఎత్తున నడిపించింది. షిబూయా నుంచి నైరుతి దిక్కుగా వెళ్లే దెనెన్‌తోషి లైను 1966లో నగత్సుతా దాకా చేరింది. దాని వెంబడి కొండలు, వెదురు తోపులు, పొలాలు ఉన్న వేల ఎకరాలు ఇళ్ల స్థలాలయ్యాయి. ఇప్పుడక్కడ సుమారు 6 లక్షల మంది ఉంటున్నారు. ఆ భూమినంతా కంపెనీ కొనలేదు. రైతులు సంఘాలుగా ఏర్పడి తమ కమతాలను ఒకచోట కలిపారు. రోడ్లకు, పార్కులకు కొంత, ఖర్చుల కింద కంపెనీకి కొంత వదులుకున్నారు. మిగిలింది తీర్చిదిద్దిన ప్లాట్లుగా తిరిగి తీసుకున్నారు. చేతికొచ్చిన స్థలం చిన్నదే, విలువ మాత్రం పెద్దది. జపనీస్‌లో దీన్ని కుకాకు సెయిరి అంటారు. అమరావతి ల్యాండ్ పూలింగ్ చూసిన తెలుగువాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. ఒక్క తేడా మాత్రం గమనించాలి. అక్కడ ప్లాటు చేతికొచ్చేసరికి దాని పక్కన రైలు కూత వినిపిస్తోంది.

యుద్ధం తర్వాత సంగతి వేరు. కాలిపోయిన నగరాలు, పల్లెల నుంచి ఉప్పెనలా వచ్చే జనం. 1955లో ప్రభుత్వం జపాన్ గృహనిర్మాణ కార్పొరేషన్ పెట్టి, శివార్లలో కాంక్రీటు బ్లాకులు వరసగా లేపింది. వీటి పేరు దాంచి. బయటి నుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉన్న అగ్గిపెట్టెలు. లోపల మాత్రం ఒక కొత్త జీవితం ఉండేది. అంతకుముందు సామాన్య కుటుంబం తిన్న గదిలోనే పక్కలు పరుచుకుని పడుకునేది. దాంచిలో రెండు గదులు, వాటికి తోడు బల్ల వేసుకుని తినగలిగే వంటిల్లు వచ్చాయి. ఆ వంటింటికి డైనింగ్ కిచెన్ అని పేరు పెట్టి, డీకే అని పొడి అక్షరాల్లో రాశారు. జపాన్‌లో ఇల్లు వెతుక్కునేవాళ్లు నేటికీ 2డీకే, 3ఎల్‌డీకే అంటూ అదే భాషలో మాట్లాడుకుంటారు. ముందున్న అంకె గదుల లెక్క, ఎల్ అంటే లివింగ్ రూమ్. సొంత స్నానాల గది, స్టెయిన్‌లెస్ స్టీల్ సింకు, తాళం వేసుకోగల ఇనప తలుపు. అత్తమామలు లేని సంసారం. దరఖాస్తులు కుప్పలు పడితే లాటరీ తీసేవారు. 1960లో యువరాజు అకిహితో దంపతులు హిబరిగావొకా దాంచిని చూడటానికి వెళ్లారంటే ఆ ఇళ్లకు ఎంత మోజు ఉండేదో ఊహించవచ్చు.

ఆ మోజుకు పరాకాష్ఠ తామా న్యూటౌన్. టోక్యో నడిబొడ్డుకు పడమరగా ముప్పై కిలోమీటర్ల అవతల, తామా కొండల్లో దాదాపు 2,900 హెక్టార్లలో తలపెట్టిన ఊరు. 1965లో ప్రణాళిక ఖాయమైంది, 1971 మార్చిలో సువా, నగయామా పేటల్లో మొదటి కుటుంబాలు దిగాయి. ఇళ్లున్నాయి, బడులున్నాయి. రైలు లేదు! కొబయాషి లెక్క ఇక్కడ తలకిందులైంది. భూమి ప్రభుత్వ సంస్థలది కాబట్టి దాని లాభం రైలు కంపెనీలకు రాదు. ఉత్త టికెట్ల కోసం కొండల్లో పట్టాలు వేయడానికి అవి వెనకాడాయి. చివరికి ప్రభుత్వ సాయం ఖాయమయ్యాక 1974లో రెండు కంపెనీల రైళ్లూ చేరాయి. ఆ మూడేళ్లూ జనం బస్సెక్కి సెయిసెకి సకురగావొకా స్టేషన్‌కు వెళ్లి రైలు పట్టుకునేవారు. నేల మీది దీవి అని తామాకు పేరొచ్చింది.

రైలొచ్చింది, ఊరు నిండింది. అయితే నిండిన తీరులోనే ఒక చిక్కు దాగి ఉంది. 1970ల్లో ఆ ఇళ్లలో దిగినవాళ్లంతా దాదాపు ఒకే ఈడువాళ్లు. ముప్పైల్లో ఉన్న భర్త, కాస్త చిన్న భార్య, ఒకరిద్దరు పసిపిల్లలు. ఆదాయాలు కూడా ఇంచుమించు ఒకటే. పిల్లలంతా ఒకేసారి బడికెళ్లారు కాబట్టి బడులు ఒకేసారి కిక్కిరిశాయి. ఒకేసారి పెద్దవాళ్లై వెళ్లిపోయారు కాబట్టి ఒకేసారి ఖాళీ అయ్యాయి. కొన్నిటిని మూసేశారు, కొన్నిటిని కలిపేశారు. పెళ్లయిన కొడుకు తిరిగొచ్చి ఉందామన్నా రెండు గదుల ఇంట్లో చోటు లేదు. పాతకాలపు పల్లెలో పుట్టేవాళ్లు, పోయేవాళ్లు, పెళ్లిళ్లు చేసుకునేవాళ్లు ఎప్పుడూ కలగలిసి ఉంటారు. తామాలో ఊరంతా ఒకే తరగతి విద్యార్థుల్లా వయసు మీద పడుతూ వచ్చింది.

ఆ దాంచి మెట్ల దగ్గర నిలబడి చూస్తే సంగతి ఇంకా స్పష్టమవుతుంది. పాత బ్లాకులు చాలావరకు ఐదంతస్తులవి, లిఫ్టు ఉండదు. ఒక్కో మెట్ల దారికి అంతస్తుకు రెండు చొప్పున పది ఇళ్లు. కింద గోడకు పది తపాలా పెట్టెలు. 1971లో కూరగాయల సంచి ఒక చేత, పిల్లాడు ఒక చేత పట్టుకుని చకచకా ఎక్కేసిన ఐదో అంతస్తు, 80 ఏళ్లు నిండాక అదే మనిషికి కొండయి కూర్చుంది. కింది అంతస్తు ఇళ్లకు గిరాకీ పెరిగింది, పైవి ఖాళీగా మిగిలాయి. కొండవాలు మీద కట్టిన ఊరు కావడంతో బయటికొచ్చినా మెట్లే. కార్లకు, మనుషులకు దారులు వేరుగా ఉండాలని అప్పటి ఇంజనీర్లు ఎంతో ముందుచూపుతో వేసిన నడకదారులు పిల్లలకు వరం, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు శిక్ష. సువా రెండో పేటలో మాత్రం యజమానులంతా ఇరవై ఏళ్లకు పైగా చర్చించుకుని, 640 ఇళ్ల పాత బ్లాకులను పడగొట్టి 2013 నాటికి 1,249 ఇళ్ల కొత్త భవనాలు కట్టుకున్నారు. అదనపు ఇళ్లు అమ్మిన డబ్బే ఖర్చుకు ఆసరా అయింది, వాటితోపాటు కుర్ర కుటుంబాలూ వచ్చాయి. స్టేషన్ దగ్గరుంది కాబట్టి కొనేవాళ్లు దొరికారు. స్టేషన్‌కు దూరమైన బ్లాకులకు ఈ దారి లేదు.

ఒంటరితనం గురించి చెప్పుకోకుండా దాంచి కథ పూర్తికాదు. చిబాలోని మత్సుదో నగరంలో తొకివదైరా దాంచి ఉంది. 1960లో మొదలైంది, నాలుగు వేల ఎనిమిది వందలకు పైగా ఇళ్లు. 2000 ప్రాంతంలో అక్కడ ఒక ఇంట్లో 69 ఏళ్ల మనిషి అస్థిపంజరం దొరికింది. అతను పోయి మూడేళ్లయింది. అద్దె, కరెంటు, గ్యాస్ డబ్బులు బ్యాంకు ఖాతా నుంచి నెలనెలా వాటంతటవే చెల్లిపోతూ వచ్చాయి. ఖాతా ఖాళీ అయ్యాకే ఎవరో తలుపు తట్టారు. ఒకప్పుడు ఈ జంటలు కోరుకున్నది తాళం వేసుకోగల ఇనప తలుపునే. ఆ ఘటన తర్వాత అక్కడి నివాసుల సంఘం ఊరుకోలేదు. తలుపు సందులో దినపత్రికలు పేరుకున్నాయా, ఆరేసిన బట్టలు రోజుల తరబడి అలాగే ఉన్నాయా అని కనిపెట్టి చూడటం, ఒంటరివాళ్లు కలిసి కూర్చుని కాఫీ తాగే చోటు తెరవడం, ఆపదలో కబురు పెట్టడానికి ఫోన్ ఏర్పాటు చేయడం వాళ్లు మొదలుపెట్టినవే. దేశంలో ఇతర దాంచీలు ఆ పద్ధతులను చూసి నేర్చుకున్నాయి. ప్రభుత్వం కళ్లు తెరవకముందే పక్కింటివాళ్లు కళ్లు తెరిచారు. ఈ విషయంలో వాళ్లకు ఎంత గౌరవమిచ్చినా తక్కువే.

ఇదంతా చదివి జపాన్ శివారు అంటే దిగులు చోటనుకుంటే పొరపాటు. రోజువారీ బతుకులో అంత సుఖమైన ఊళ్లు తక్కువ. పొద్దున ఏడింటికి, ముందొకటి వెనకొకటి పిల్లల సీటు బిగించిన సైకిళ్ల మీద తల్లులు బయల్దేరతారు. ఆరేళ్ల పిల్లలు పెద్దవాళ్ల తోడు లేకుండా గుంపుగా బడికి నడుస్తారు. చెత్త వేసే మూల దగ్గర కాకులు లాగకుండా సంచుల మీద వల కప్పి ఉంటుంది. ఈ రోజు మండే చెత్త, రేపు సీసాలు, ఎల్లుండి కాగితాలు. మధ్యాహ్నం ఎవరో కాలింగ్ బెల్ కొట్టి ఒక అట్ట అందిస్తారు. దాన్ని కైరన్‌బాన్ అంటారు. కాలువ శుభ్రం చేసే తేదీ, దొంగతనాల హెచ్చరిక, వేసవి పండగ కబురు అందులో ఉంటాయి. చదివి, పేరు పక్కన ముద్ర వేసి, పక్కింటికి ఇవ్వాలి. వాట్సాప్ గ్రూపు చేసే పనే, కానీ అట్ట చేతికివ్వాలంటే పక్కింటి మనిషి మొహం చూడాలి కదా. సాయంత్రం అయిదింటికి వీధి స్తంభాల మీది లౌడ్ స్పీకర్లలో ఏదో పిల్లల పాట బాణీ మోగుతుంది. భూకంప హెచ్చరికల కోసం పెట్టిన స్పీకర్లు సరిగా పనిచేస్తున్నాయో లేదో రోజూ చూసుకునే పద్ధతి అది. పిల్లలకు మాత్రం ఇక ఆట చాలించి ఇంటికి రమ్మనే పిలుపు.

ఈ సుఖానికి కట్టే మూల్యం రైల్లో కనిపిస్తుంది. రద్దీని శాతాల్లో చెప్పే అలవాటు జపాన్‌ది. బండి పట్టేంత మందే ఎక్కితే 100 శాతం. 150 శాతమంటే దినపత్రిక విప్పి చదువుకోవచ్చు, 180 అంటే మడిచి చదవాలి, 200 అంటే ఒళ్లు ఒళ్లు రాసుకుంటూ కష్టం మీద వారపత్రిక చూడవచ్చు, 250 అంటే చెయ్యి కూడా కదలదు. 1975లో టోక్యో ప్రధాన మార్గాల సగటే 221 శాతం. కొత్త పట్టాలు, పొడవాటి రైళ్లు వచ్చాక 2019కి అది 163కు దిగింది. కొవిడ్ తర్వాత ఇంటి నుంచి పని పెరిగి ఇంకా తగ్గింది. ఇంత దూరం నుంచి రోజూ రావడానికి జనం ఒప్పుకోవడం వెనక ఒక సాదా కారణం ఉంది. నెలవారీ పాస్ ఖర్చు సాధారణంగా కంపెనీయే భరిస్తుంది, నెలకు లక్షన్నర యెన్‌ల దాకా దానిపై పన్ను లేదు. దూరం భారం ఉద్యోగి జేబు మీద పడనప్పుడు ఊరు ఎంత దూరమైనా పాకుతుంది.

2019లో టోక్యోలో అన్నిటికన్నా కిక్కిరిసిన మార్గం తోజాయ్ లైన్. తూర్పు నుంచి వచ్చే ఆ బండి రద్దీ 199 శాతం. ఆ లైను మీదే నిషి కసాయ్ స్టేషన్ ఉంది. మన ఐటీ ఉద్యోగులకు బాగా తెలిసిన పేరు. పాలనాపరంగా ఇది 23 వార్డుల్లోని ఎదొగావాలోకే వస్తుంది కానీ స్వభావం శివారుదే. 2000 నాటి కంప్యూటర్ల వైటూకే సమస్య రోజుల్లో వచ్చిన భారతీయ ఇంజనీర్లు ఇక్కడ స్థిరపడ్డారు. బ్యాంకులు, ఆఫీసులు ఉన్న ఒతెమాచికి నేరుగా రైలుంది. పైగా ఒకనాటి గృహనిర్మాణ కార్పొరేషన్ వారసురాలైన యూఆర్ సంస్థ ఇళ్లకు జామీను అడగరు, ఇంటి యజమానికి తిరిగిరాని కానుక డబ్బు ఇవ్వనక్కర్లేదు. జపనీయుల కుటుంబాల కోసం కట్టిన దాంచి సంప్రదాయం ఇలా తెలుగు, తమిళ, మరాఠీ కుటుంబాలకు నీడనిచ్చింది. జపాన్‌లోని భారతీయుల్లో సుమారు పదో వంతు ఈ ఒక్క వార్డులోనే ఉన్నారు. అయితే ఇల్లు తీసుకునేముందు తెలుసుకోవలసినది ఒకటుంది. ఎదొగావాలో 70 శాతం నేల, పోటు సమయంలో సముద్రమట్టానికి దిగువన ఉంటుంది. 2019లో వార్డు ఇంటింటికీ పంచిన వరద పటం అట్ట మీద "ఇక్కడ ఉండకూడదు" అని రాసి ఉంది. పెద్ద వరద ముంచుకొస్తే వార్డు వదిలి వెళ్లమని ముందే చెప్పిన మాట అది. తన ఊరి గురించి తానే అంత నిక్కచ్చిగా చెప్పిన పాలన అరుదు.

లోతట్టు శివార్ల భద్రతంతా నేల కింద ఉంది. సైతామాలోని కసుకాబెలో 50 మీటర్ల లోతున 6.3 కిలోమీటర్ల సొరంగం తవ్వి, చిన్న నదుల పొంగును ఎదొగావా నదిలోకి మళ్లిస్తారు. 2006లో పూర్తయిన ఆ ఏర్పాటులో ఒక తొట్టె పొడవు 177 మీటర్లు, దాని కప్పును 59 స్తంభాలు మోస్తాయి. ఇది అందరూ వెళ్లి చూసే అద్భుతం. ఎవరూ చూడని గొట్టాల సంగతి మరోలా ఉంది. 2025 జనవరి 28న అదే సైతామాలోని యషియో నగరంలో కూడలి నడిమధ్య రోడ్డు కుంగి, ఒక లారీ గుంతలో పడిపోయింది. కింద 1983లో వేసిన పెద్ద మురుగు గొట్టం శిథిలమై, చుట్టూ ఉన్న మట్టి అందులోకి జారిపోయింది. సుమారు 12 లక్షల మందిని స్నానాలు, బట్టలుతకడం తగ్గించుకోమని అడగాల్సి వచ్చింది. డ్రైవర్ మృతదేహాన్ని బయటికి తీసేసరికి మూడు నెలలు దాటింది. ఒకే ఈడు అన్న మాట మనుషులకే కాదు, గొట్టాలకూ వర్తిస్తుంది. శివార్లు ఉరుకులు పరుగుల మీద పెరిగిన కాలంలో వేసినవన్నీ ఇప్పుడు ఒకేసారి ముసలివవుతున్నాయి, వాటిని మార్చడానికి పన్ను కట్టే చేతులు తగ్గుతున్నాయి. 2023 లెక్కల ప్రకారం దేశంలో ఖాళీ ఇళ్లు 90 లక్షలు, ప్రతి వంద ఇళ్లకూ దాదాపు 14.

మరి ఊరు ముసలిదవకుండా ఆపగలమా? చిబాలోని సకురా నగరంలో యుకరిగావొకా అనే పేట ఒక సమాధానం. దాన్ని కట్టిన యమామాన్ కంపెనీ 1970ల చివర అమ్మకాలు మొదలుపెట్టినప్పుడే ఒక కట్టుబాటు పెట్టుకుంది. ఏడాదికి సుమారు 200 ఇళ్లకు మించి అమ్మకూడదు. రియల్ ఎస్టేట్ బూమ్‌లో, ధరలు ఆకాశంలో ఉన్న రోజుల్లో కూడా ఆ మాట మీదే నిలబడింది. ఏటా కొన్ని కొత్త జంటలు, కొందరు పసిపిల్లలు వచ్చి చేరుతుంటారు. బడి ఎప్పుడూ కిక్కిరియదు, ఎప్పుడూ ఖాళీ అవదు. 1982లో కంపెనీ సొంత ఖర్చుతో వేసిన చిన్న రైలు పేట చుట్టూ తిరుగుతుంది. మూడు పెట్టెల ఆ బండి పేరు కోఆలా. అమ్ముకుని వెళ్లిపోయే బిల్డర్‌కు, అక్కడే ఉండిపోయే బిల్డర్‌కు ఉన్న తేడా ఈ ఒక్క నిర్ణయంలో తెలుస్తుంది.

ఆ ఓర్పు అందరికీ ఉండదు. అదే చిబాలో నగరెయామా నగరం కథ చూడండి. 2005 ఆగస్టులో అకిహబారా నుంచి త్సుకుబాకు 45 నిమిషాల్లో చేరే కొత్త రైలు మార్గం ఆ ఊరి మీదుగా వెళ్లింది. దాంతో టోక్యో అరగంట దూరమైంది. నగరపాలన ఇద్దరూ ఉద్యోగం చేసే కుర్ర జంటల మీద దృష్టి పెట్టింది. తల్లి కావాలనుకుంటే నగరెయామాకు రండి అని టోక్యో స్టేషన్లలో పోస్టర్లు వేసింది. మాట దగ్గరే ఆగలేదు. రైలెక్కే తల్లో తండ్రో పొద్దున స్టేషన్ పక్కనున్న కేంద్రంలో పిల్లను అప్పగిస్తే, బస్సు ఆ పిల్లను ఊళ్లో తన శిశుసంరక్షణ కేంద్రానికి చేరుస్తుంది, సాయంత్రం మళ్లీ స్టేషన్‌కు తెస్తుంది. రోజుకు 100 యెన్‌లు. 2007లో మొదలైన ఈ ఒక్క ఏర్పాటుతో ఉద్యోగం మానేయాల్సిన తల్లులెందరో మానలేదు. దాదాపు లక్షన్నరగా ఉన్న జనాభా 2 లక్షలు దాటింది. కొత్త ప్రాథమిక పాఠశాలలు ఒకదాని వెంట ఒకటి కట్టాల్సి వస్తోంది.

చాలా మంచి పని. అయినా ఆ అంకెలను చూస్తే తామా గుర్తురాక మానదు. ముప్పైల్లో ఉన్న జంటలు, ఒకే ఈడు పసిపిల్లలు, కిక్కిరిసిన బడులు, స్టేషన్ చుట్టూ కొత్త ఇళ్లు. సాయంత్రం ఆరున్నరకు ఒతకనోమోరి స్టేషన్ దగ్గర బస్సు ఆగి, ఒకే రంగు టోపీలు పెట్టుకున్న పాతికమంది పిల్లలు దిగి, టోక్యో రైలు దిగి వస్తున్న వాళ్లలో తమ అమ్మ మొహం కోసం వెతుక్కుంటారు. ఇంకో పదిహేనేళ్లకు ఆ పిల్లలంతా దాదాపు ఒకే ఏడాదిలో ఆ స్టేషన్‌లోనే రైలెక్కి కాలేజీలకు, ఉద్యోగాలకు వెళ్తారు. వాళ్లలో ఎంతమంది తిరిగొచ్చి ఆ ఊళ్లోనే ఇల్లు కొనుక్కుంటారన్న దాని మీదే నగరెయామా లెక్క ఆధారపడి ఉంది.